గ్లాసు మీద చెంచా

టైలరమ్మ స్టీలు గ్లాసు మీద చెంచాతో టంగుమని కొట్టింది.

కొత్తగా వచ్చిన పెద్దాయన తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయాడు. "చాలాకాలం కిందట నేను..." అన్నాడంతే.

పక్కనున్న నర్సు నవ్వాపుకుంటూ ఆయనకు ఇక్కడి పద్ధతి చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం టైలరమ్మ షాపులో కుట్టుమిషన్లు గోడవారకు జరిపి, నలుగురూ చేరి ఒకే పుస్తకం చదువుకుంటారు. ఈ క్షణంలో ఎలా బతకాలో చెప్పే పుస్తకం. ఆ కాసేపూ జరిగిపోయిన సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే గ్లాసు మోగుతుంది. ఎవరికి మోగిందో వాళ్లు ఆ పూటకి ఇక నోరు విప్పకూడదు.

ఆ పద్ధతి పెట్టింది టైలరమ్మే.

ఆమెకో తమ్ముడుండేవాడు. సొరంగం పనికెళ్లి, పైకప్పు కూలి చనిపోయాడు. శవాన్నయితే అప్పగించారు గానీ, ఎలా పోయాడో చెప్పిన నాథుడు లేడు. వెంటనే పోయాడా? ఎవరినైనా పిలిచాడా? పక్కన మనిషంటూ ఉన్నాడా? కంట్రాక్టరు ఆఫీసుకు చెప్పులరిగేలా తిరిగింది. చివరికి గేటు దగ్గరే ఆపేశారు.

ఆ తర్వాత జాకెట్టు కత్తిరిస్తూ కత్తిరిస్తూ చెయ్యి ఆగిపోయేది. కుళాయి తిప్పితే నీళ్ల చప్పుడులో "అక్కా" అని వినపడేది.

పుస్తకం చేతికొచ్చాక ఆ పిలుపు తగ్గింది. పూర్తిగా పోలేదు. అందుకే ఈ గ్లాసు.

పుస్తకం మీద మిగతావాళ్లది ఒకే మాట కాదు. నర్సుకు అది మందు. ఒక మంచం దగ్గరి ఏడుపును ఇంకో మంచం దగ్గరికి మోసుకుపోకుండా తనకు నేర్పింది అదేనంటుంది. లైన్‌మన్‌గా చేసి రిటైరైన కరెంటు బాబాయికి మాత్రం అది గిట్టదు. కిందటిసారి ఎక్కడ షాక్ కొట్టిందో మర్చిపోయి స్తంభమెక్కితే ఈ క్షణమూ ఉండదు, వచ్చే క్షణమూ ఉండదంటాడు. అయినా ఒక్క ఆదివారం మానడు. ఇంట్లో తనతో వాదించే దిక్కు లేదట.

మరుసటి వారం పెద్దాయన ముందుగానే వచ్చి, మెట్ల మీద టైలరమ్మను ఆపాడు. ఆయాసంతో ఛాతీలో పిల్లి కూసినట్టుంది.

"ఒక్క నిమిషం తల్లీ. ఒక పాత సంగతి..."

దుఃఖాలు మోసుకొచ్చేవాళ్లు ఆమెకు కొత్త కాదు.

"అది ఈ మెట్ల మీదే దింపేసి పైకి రండి పెద్దాయనా," అని ముందుకు నడిచింది.

ఆ పూట ఆయన బాబాయి జోకులకు కూడా నవ్వలేదు. టైలరమ్మ పుస్తకం చదువుతుంటే ఆమె ముఖాన్నే చూస్తూ కూర్చున్నాడు, ఏదో పోలిక వెతుకుతున్నట్టు.

ఆ పై వారం చదవడం ఒక చోట ఆగగానే అడిగాడు.

"నాదొక అనుమానం. ఒక మనిషి పోతూ పోతూ, ఫలానావాళ్లకి చెప్పమని మనకొక మాట అప్పగించాడనుకోండి. చెప్పేదాకా అది నిన్నటి మాటా, ఇవాళ్టి మాటా?"



"అలా అడగండి," అన్నాడు బాబాయి మెల్లగా. నర్సు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

టైలరమ్మ చెయ్యి చెంచా మీద ఆగింది. ఎక్కడో నీళ్ల చప్పుడు మొదలైనట్టనిపించింది. అది పెరగకముందే గట్టిగా కొట్టింది.

"పోయినవాళ్ల మాట పోయినవాళ్లతోనే పోవాలి. తెచ్చి మా నెత్తిన పెట్టకండి."

పెద్దాయన తలూపాడు. చివరిదాకా కూర్చుని, వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, మళ్లీ వారం వస్తానన్నాడు.

రాలేదు.

ఆ తర్వాతి వారమూ రాలేదు. మన గ్లాసు దెబ్బకి పారిపోయాడని బాబాయి అన్నాడు. టైలరమ్మ కూడా నవ్వింది.

పనిరోజు ఒకటి చూసుకుని ఒకమ్మాయి షాపుకొచ్చింది. కుట్టించుకోవడానికి కాదు. పెద్దాయన కూతురినని చెప్పింది. నాన్న పోయారనీ, ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనని డాక్టర్లు అన్నారనీ చెప్పింది.

టైలరమ్మ మిషను ఆపి స్టూలు జరిపింది. ఆ అమ్మాయి కూర్చోలేదు.

"మీకు చెప్పాల్సింది చెప్పేశారా అమ్మా? అది తెలుసుకుందామనే వచ్చాను."

"ఏం చెప్పాలి?"

అమ్మాయి ముఖం వాడిపోయింది.

తనకూ తెలియదంది. మీ ఒక్కరికే చెప్తానని నాన్న మాటిచ్చారట. మీరు బట్టలు కుడతారన్న ఒక్క ఆనవాలు పట్టుకుని ఊరూరా వెతికారట. ఎక్కడ టైలరు షాపు కనపడినా లోపలికెళ్లి అడిగేవారట. మిమ్మల్ని కనుక్కున్న రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా ఏడ్చారట.

"మరి దొరికాక ఎందుకు చెప్పలేదు?"

"ఆమె ఆ పుస్తకంతో కుదుటపడింది, నేను వెళ్లి కెలకడం న్యాయమేనా అని రోజూ మథనపడేవారు. చివర్లో నేనే అడిగాను, పోనీ నాకు చెప్పు నాన్నా, నేను వెళ్లి చెప్తానని. తల అడ్డంగా ఊపారు."

టైలరమ్మ మిషను దగ్గర్నుంచి లేచింది.

"నాకూ మీ నాన్నగారికీ ఏం సంబంధమమ్మా?"

"ఆ సొరంగంలో ఆయన మేస్త్రీ," అంది ఆ అమ్మాయి. "పైకప్పు కూలాక, ప్రాణం పోయేదాకా మీ తమ్ముడు వదలకుండా పట్టుకున్న చెయ్యి మా నాన్నదే."