కాలు చూడ్డానికొచ్చినవాడు

గేటు తోసుకుని ఎవరో తిన్నగా లోపలికొచ్చేశాడు.

వసారాలో మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న ఎర్రయ్యకి ఆ మనిషెవరో తెలియలేదు. వచ్చినవాడు పలకరించలేదు. ఎర్రయ్య మొహం కూడా చూడలేదు. కాలు చూశాడు.

“ఈ కాలింక ఇంజినెక్కదా, అన్నా?” అనడిగాడు.

ఎర్రయ్యకి ఒళ్లు మండింది. కానీ గేటు చూపించి పొమ్మనబోయి ఆగాడు. రాత్రీ పగలూ తనని తాను అడుగుతున్నదీ అదే మరి.

ఎర్రయ్య ఖరగ్‌పూర్ రైల్వే షెడ్డులో ఇంజినుకి బొగ్గేసే ఫైర్‌మేన్. బొగ్గు ఇంజిన్ల రోజులు. వానలో ఇంజిను మెట్టు మీంచి జారిపడి మోకాలి లోపలి లిగమెంటు తెంపుకున్నాడు. కలకత్తాలో ఆపరేషను చేశారు. నెలల తరబడి ఉన్న పిండికట్టు విప్పి చూసుకుంటే ఏముంది, ఎడమ తొడ పుల్లలా అయిపోయింది.

మోకాలు బాగానే కుట్టాం, దాన్ని నిలబెట్టాల్సింది తొడ కండే, రోజూ కాలెత్తి బలం తెచ్చుకోమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఎర్రయ్య బుద్ధిగా తలూపాడు. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ దగ్గరి ఇంటికొచ్చి కాలు కదిపితే ఒట్టు. మళ్లీ తెగిపోతుందని భయం. రైల్వే డాక్టరు ఫిట్ అంటేనే ఇంజిను పని. అన్‌ఫిట్ అంటే ఇంక ఆ పని పోయినట్టే, ఏ మూల ఏ పని ఇస్తారో, ఎప్పటికిస్తారో ఎవరికీ తెలియదు.

ఇంతలో ఎర్రయ్య భార్య రత్నం, నెలలు నిండిన మనిషి, కుళాయి దగ్గర్నించి బిందె మోసుకొస్తోంది. వచ్చినవాడు చటుక్కున ఎదురెళ్లి బిందె అందుకున్నాడు. కాస్త ఓదార్పు దొరికితే చాలు, రత్నం తన గోడంతా వెళ్లబోసుకుంది. అతను అంతా విని, బిందె లోపల దింపి వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ తయారు. ఈసారి చేతిలో ఇసక సంచి.

ఎర్రయ్య సంచి విప్పి చూశాడు. జల్లించి ఎండబెట్టిన సన్నిసక. చక్రాలు జారకుండా పట్టాల మీద వదలడానికి షెడ్డులో ఉంచేదే. అంటే వీడు షెడ్డు మనిషన్నమాట.

“పాదానికి కట్టుకుని ఎత్తు. డాకటరు సెప్పినాడంట కదా, వొదిన సెప్పింది.”

“ఎవుడివి నువ్వు?”

“ముందు ఎత్తు. తరవాత సెప్తాను.”

చెప్తానన్న ఆ ‘తరవాత’ మాత్రం ఎప్పటికీ రాలేదు.

ఫోర్‌మేన్ పంపిన గూఢచారే వీడని ఎర్రయ్య గట్టిగా అనుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. కాలెత్తితే, బాగున్న కాలు పెట్టుకుని సెలవు తింటున్నాడని చెప్తాడేమో. ఎత్తకపోతే, ఇంక పనికిరాడని చెప్తాడేమో. పాపం, ఎర్రయ్య సగం ఎత్తి ఆపేవాడు. ఆ మనిషి మడమ కింద చెయ్యి పెట్టి మిగతా సగం ఎత్తించేవాడు.

రత్నానికి ఈ గొడవలేం లేవు. వాడు మా అమ్మవైపు చుట్టమై ఉంటాడంది. తమ్ముడూ అని పిలిచి చాయ్ ఇచ్చేది.

రోజూ వచ్చేవాడు. కొన్నాళ్లకి ఊళ్లోనే ఉన్న తాల్‌బగీచా పేట దాకా నడిపించి తెచ్చేవాడు. తొడకి మెల్లగా కండ పట్టింది. వింతేమిటంటే, ఎర్రయ్య తొడ గట్టిపడుతున్నకొద్దీ వాడి మొహం పీక్కుపోతోంది. ఒక్కోరోజు ఆ తొడకేసి చూస్తూ అలా ఉండిపోయేవాడు. దిష్టి పెడుతున్నాడా ఏమిటని ఎర్రయ్య పంచె కిందికి లాక్కునేవాడు.

డాక్టరు పరీక్ష రేపనగా ఎర్రయ్య ఏ ఆసరా లేకుండా గొంతుక్కూర్చుని లేచాడు. లోపల పసిపిల్లకి పాలిస్తున్న రత్నాన్ని కేకేసి మళ్లీ లేచి చూపించాడు. ఆనందంతో కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

ఆ మనిషి మాత్రం తల దించుకున్నాడు.

ఎర్రయ్య ఇంక ఆగలేకపోయాడు. “నాను లెగిస్తే నీ మొగం అలాగైపోనాదేటి? ఎవులు పంపినారు నిన్ను?”

“ఎవులూ పంపలేదన్నా.”

“మరెందుకొస్తన్నావు?”

వాడు ఇసక సంచి తీసి మూల పెట్టాడు. “రేపు డాకటరు కూకోమంటే ఇలాగే కూకో. బయపడకు.”

“ఇంక నా గుమ్మం తొక్కకు,” అన్నాడు ఎర్రయ్య.

వాడు సరేనని తలూపి వెళ్లిపోయాడు. అన్నం పెట్టేటప్పుడు రత్నం మొగుణ్ణి నాలుగూ దులిపేసింది.

మర్నాడు డాక్టరు కూర్చోబెట్టాడు, లేపాడు, మెట్లెక్కించాడు, ఫిట్ అన్నాడు. ఎర్రయ్య గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. వాడొస్తే తప్పయిపోయిందని చెప్పాలని సాయంత్రందాకా గేటుకేసి చూశాడు. వాడు రాలేదు.

పొద్దున్నే షెడ్డుకెళితే, ఇంజిను మీంచి డ్రైవరు విల్‌ఫ్రెడ్ చెయ్యందించాడు. దొరల రక్తం కలిసినవాడే గానీ, ఈ ఊళ్లో తెలుగువాళ్ల మధ్య పుట్టి పెరిగిన మనిషి.

“అరే, నీ కాలు బాగైపోనాదని అప్పలకొండ సెప్తే నమ్మలేదు నాను.”

“అప్పలకొండెవులు, సాబ్?”

“డ్యూటీ దిగి రోజూ నీ ఇంటికే కదా వొచ్చేవోడు!”

హమ్మయ్య, పేరైనా తెలిసింది. గూఢచారి కాదన్నమాట. ఎర్రయ్య సిగ్గుతో నవ్వాడు. వాణ్ణొకసారి పిలవండి సాబ్, కాళ్లు పట్టుకుంటానన్నాడు.

విల్‌ఫ్రెడ్ బొగ్గు పార తీసి ఎర్రయ్య చేతిలో పెట్టాడు.

“రాత్రి వాల్తేరు బండెక్కి ఊరెల్లిపోనాడు. నువ్వు పడ్డాక కొత్తగా సేరి, ఇన్నాళ్లూ నీ బదులు ఈ ఇంజినుకి బొగ్గేసినోడు ఆడే. నువ్వు అన్‌ఫిట్ అయితే నీ ఉద్యోగం ఇస్తామన్నది ఆడికే, ఎర్రయ్యా.”