చల్లపల్లి పెళ్ళికి లెన్సు

ఫిబ్రవరి పదకొండు సాయంత్రం గుణదల కొండ కింద, మేరీమాత తిరునాళ్ళ జనం మధ్య కూర్చుని పులిహోర పొట్లాలు తినేలోగా, స్టెల్లా కెమెరా సంచీలోంచి లెన్సు మాయమైంది. వారం తిరిగినా ఆ పులిహోర పులుపు ఆవిడ దగ్గర పనిచేసే జోయెల్ నాలుకను వదల్లేదు.

ఇప్పుడు ఇద్దరూ గవర్నర్‌పేటలో, కరిముల్లా సెకండ్‌హ్యాండ్ కెమెరాల షాపులో నిలబడి ఉన్నారు. తెల్లారితే చల్లపల్లి చర్చిలో పెళ్ళి. చర్చిలో పెళ్ళిళ్ళుండని తపస్సు కాలం మొదలయ్యేలోపు చేతిలో ఉన్నది అదొక్కటే. అది చెడితే ఈస్టరు దాకా ఇద్దరికీ పని లేదు.

కరిముల్లా కౌంటరు మీద రెండు జూమ్ లెన్సులు నిలబెట్టాడు.

"ఇది ట్వెంటీఫోర్ సెవెంటీ మేడమ్. మసక చీకట్లో కూడా మొహాలు కళగా వస్తాయి. ఇదేమో ట్వెంటీఫోర్ వన్ నాట్ ఫైవ్. దూరానున్నదాన్ని దగ్గరికి లాగుద్ది గానీ వెలుతురు కావాలి. రెండూ గుంటూరు నుంచి మా బావమరిది నిన్ననే పంపించాడు."

స్టెల్లా తన కెమెరాను వాటి పక్కన పెట్టింది. కెమెరాకీ, బ్యాటరీకీ, మూతకీ ఎర్రటి గోళ్ళరంగు చుక్కలు. పెళ్ళిళ్ళలో పదిమంది సామానులో కలిసిపోకుండా ఆవిడ పెట్టుకునే గుర్తు.

"రెండోదే తీసుకో అక్కా," అన్నాడు జోయెల్ వెంటనే.

"ఆ చర్చిలో నాలుగు ట్యూబ్‌లైట్లేరా ఉండేది. ఫాదర్ గారు ఫ్లాష్ కొట్టనివ్వరు."

"పీఠం దగ్గరికి కూడా రానివ్వరుగా. వెనక బల్లల కాణ్ణించి తాళి ఎట్టా కనపడుద్ది?"

"కనపడితే సరిపోద్దా? నల్లగా వస్తే ఆల్బమ్ వాళ్ళకిచ్చి పారిపోతావా?"

"మీరు తేల్చుకునేలోపు ఆ పెళ్ళికూతురు బారసాలకి పిలుస్తుంది," అన్నాడు కరిముల్లా.

స్టెల్లా నవ్వలేదు. మొదటి లెన్సు మీదికి చెయ్యి చాచింది. జోయెల్ చెయ్యి అడ్డమొచ్చింది.

"అది వద్దక్కా. అడుగున గీతుంది."

స్టెల్లా చెయ్యి గాల్లోనే ఆగింది. కరిముల్లా కళ్ళజోడు పెట్టుకుని, నిలబెట్టిన లెన్సును ఎత్తి తిరగేశాడు.

"అవును సుమా. ఎవరో గీకినట్టుంది. నిన్నట్నుంచీ నా కంటికే ఆన్లేదు. కదిలించకుండానే చూశావే, నీవి కళ్ళు కావయ్యా, భూతద్దాలు."

స్టెల్లా లెన్సును కెమెరాకు బిగించి రోడ్డు వైపు చూసింది. తర్వాత మెల్లగా జోయెల్ వైపు తిరిగింది. అతను తల దించుకునేదాకా అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

"ఇదే ఇవ్వండి కరిముల్లా గారూ."

"గీతుందని ధర తగ్గించమనరా?"

"గీతదేముంది లెండి. లోపల అద్దం బాగుంది."

ఇద్దరూ బండి మీద ఉయ్యూరు చేరారు. ఊళ్ళోకి తిరుగుతుండగా స్టెల్లా అడిగింది.

"మీ అమ్మకి ఆపరేషన్ కుట్లు విప్పారా?"

"ఎల్లుండి విప్పుతారంట."

"మందులకీ వాటికీ డబ్బులు సరిపోయినయ్యా?"

జోయెల్ తల ఊపాడు.

ఇంటి ముందు దిగి, ఉండమని లోపలికి వెళ్ళి, స్టెల్లా మూత గిన్నెతో తిరిగొచ్చింది. "కోడి చారు. వేడిగా ఉన్నప్పుడే అమ్మ చేత తాగించు." మరో చేతిలో గోళ్ళరంగు సీసా. కొత్త సామాను ఏదొచ్చినా అంతే. గుమ్మం లైటు కింద లెన్సు తిరగేసి, గీత మీద చుక్క పెట్టి, ఆరేదాకా నోటితో ఊదింది. దాన్ని సంచీలో పెట్టి జోయెల్ భుజానికే తగిలించింది.

"రేపు పీఠం వైపు నువ్వే తియ్యి. పొద్దున్నే వచ్చెయ్."

అతను బండి వైపు రెండడుగులు వేశాడు.

"జోయెల్, ఈసారి అవసరమొస్తే నన్నడుగు. గోళ్ళరంగు బ్లేడుతో గీకితే మచ్చ పడుద్దిరా," అని, స్టెల్లా చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.