నీలావతి చుట్టిన తీగ

“గట్టిగా పట్టుకో నీలా! వదిల్తివంటే నా మొగం పచ్చడే.”

కారు కింద నుంచి హనుమంతరాయుడి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నీలావతి నేలమీద బోర్లా పడుకుని, సైలెన్సరు డబ్బాను రెండు చేతులా ఎత్తిపట్టింది. పెళ్ళయి నలభై రోజులు. ధర్మవరంలో అమ్మ ఈ వాలకం చూస్తే గుండె బాదుకునేది. నీలావతికి మాత్రం మోచేతికంటిన మసి కూడా ముచ్చటగానే ఉంది.

“పట్టినాలే. నీ మొగంలో పచ్చడయ్యేదానికి ఇంగేముండాది, అంతా మసే కదా.”

కింద నుంచి నవ్వు రాలేదు.

“కూడలేదు,” అన్నాడతను. “మన గొట్టం సన్నం, దీని మూతి వెడల్పు. వేలు దూరే సందుండాది.”

ఆ సైలెన్సరు ఈ కారుది కాదు. యుద్ధం మొదలైనప్పటి నుంచి బెంగుళూరులో కూడా సామాన్లు దొరకడం లేదు. రాయుడు రెండు రోజులు అక్కడి పాత ఇనుము అంగళ్ళు తిరిగి, ఏదో పెద్ద బండికి ఊడదీసినదాన్ని రైల్లో ఒళ్ళో పెట్టుకుని పెనుకొండకు తెచ్చాడు. కారుకున్న పాతది తుప్పుపట్టి రాలిపోయింది. బండి కదిలితే టపాకాయల అంగడి అంటుకున్నట్టుండేది.

నాలుగు రోజుల కిందట తలారి వచ్చి చెప్పిపోయాడు. సోమవారం పదిగంటలకు బాడుగ కార్లన్నీ హిందూపురం తేవాలి, దొర చూస్తాడు, రాకపోతే కేసు. అంతకుమించి తలారికీ తెలియదు. పోయినేడు ఇట్లాంటి పరీక్షలోనే బ్రేకు పట్టలేదని ఒకాయన పర్మిట్టు తీసేశారు. ఆయన కారులో ఇప్పుడు కోళ్ళు పొదుగుతున్నాయి.

రేపే సోమవారం.

వసారాలో కూర్చుని చెనిక్కాయలు వలుస్తున్న రాయుడి తల్లి కుళ్ళాయమ్మ గొణిగింది. “మగ్గం గుంట పూడ్చొద్దురా నాయనా అంటే వింటివా? అదుండింటే రేపు కాళ్ళు పెట్టుకునేదానికి ఒక తావుండేది.”

రాయుడు బయటికి పాకి వచ్చి చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మసికో మరి దేనికో.

“అమ్మ చెప్పేది నిజమే నీలా. మగ్గం అమ్మేస్తి. ఈ చేతులకు ఇంగ నేత రాదు. పర్మిట్టు పోతే నిన్నేం పెట్టి సాకేది? ఈ కారులోనే నిన్ను తెచ్చుకుంటిని.”

నీలావతి అతని బుగ్గ మీది మసిని కొంగుతో తుడవబోయి ఇంకాస్త పులిమింది.

అంతలో వీధిలో ఢమఢమమని మోత. సుంకప్ప కారు. అతనూ బాడుగకు తోలేవాడే.

“ఏమబ్బా రాయుడూ, ఇల్లు చాలక కారు కింద కాపురం పెట్టినారా?”

“నీ బండి నాదానికన్నా ఎక్కువ అరుస్తాది కదా సుంకప్పా. బాగు చేసుకోవా?”

“వంగితే నడుము పట్టేస్తాది. దొరకు ఒక దండం పెడతా.”

“దండానికి పర్మిట్టు ఇస్తారా?”

“పీకితే పీకనీలే. పరిగిలో మా మామకు చేన్లుండాయి.” నవ్వుకుంటూ, పొగ వదులుకుంటూ పోయాడు.

“ఆయప్పకు చేన్లుండాయి,” అన్నాడు రాయుడు నేల చూస్తూ. “మనకేముండాది?”

“నేనుండా,” అంది నీలావతి. “మగ్గానికి పదేండ్లు దారం కండెలు చుట్టినదాన్ని. కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించియ్యి. సందు మీద కప్పి, పైన తీగ చుడతా.”

“పొగ ఆగేదానికి రేకు చాలదమ్మే,” అంది కుళ్ళాయమ్మ లేచి వస్తూ. “సున్నంలో ఇటుకపొడి, బెల్లం నీళ్ళు కలుపు. మా నాయన గచ్చు అట్లే వేస్తాండె.”

నీలావతి కారు కిందికి దూరింది. మొదటిసారి తీగ తెగింది. రెండోసారి ఇంజను వేయగానే రేకు అదిరి, పూత రాలి, పొగంతా ఆమె మొహాన కొట్టింది. వేళ్ళు తెగి నెత్తురొచ్చింది.

“వద్దు నీలా, వచ్చెయ్. మన రాత ఇంతే.”

“రాత తర్వాత. ముందు తీగ అందియ్యి.”

గొట్టం చల్లారేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. పోగు పక్కన పోగు, సందు లేకుండా, కండె చుట్టినట్టే. పొద్దు గూకే వేళకు రాయుడు ఇంజను తిప్పాడు.

కుళ్ళాయమ్మ చెవి ఒగ్గి వింది. “ఏమప్పా, మళ్ళా ఆగిపాయనా?”

“లేదత్తా, నడుస్తాండాది!” నీలావతి చప్పట్లు కొట్టింది. నాలుగు రోజుల్లో మొదటిసారి రాయుడు నవ్వాడు.

మర్నాడు హిందూపురంలో దొర బంగళా ముందు నాలుగు కార్లు నిలబడ్డాయి. సుంకప్ప కారు మోతకు దొర చెవులు మూసుకున్నాడు. గుమాస్తా చీటీలో ఏదో గీసి పక్కకు పొమ్మన్నాడు. తర్వాతి రెండూ అంతే. ఒకటైతే అక్కడిదాకా వచ్చి ఆగింది, మళ్ళీ కదలనే లేదు.

రాయుడి బండి మెత్తగా మోగింది. దొర వంగి కింద చూశాడు. తీగ చుట్టును వేలితో తాకి, తల ఊపి, ఇంగ్లీషులో ఏదో అన్నాడు. గుమాస్తా సుద్దముక్కతో బానెట్టు మీద పెద్ద అంకె వేశాడు.

“మనదానికొక్కదానికే వేసినారు!” కారులో కూడా వచ్చిన నీలావతి రాయుడి చెయ్యి గిల్లింది.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “పాసయినట్టేనా సార్?”

“ఫస్టుగా పాసయింది. తాళం చెవి ఇట్లియ్యి.”

“తాళం చెవి ఎందుకు సార్?”

“బాగుండేవి యుద్ధానికి, పాడైనవి ఇంటికి,” అన్నాడు గుమాస్తా.