పదహైదో ఆర్డరు

శింగనమల ఆఖరి బస్సు వెళ్లిపోయినాక ఆంజినమ్మ ఆ రోజు ఆర్డర్లన్నీ సైటు నుంచి ఫోనులోకి ఫైలుగా దించుకుంది. ఆమె వేరుశనగలు వేయించి దంచే చెనిక్కాయల పొడికి ఆ సైటు పెట్టించింది మేనకోడలు జయంతి. ఒక్కో పేరూ వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి, ఆఖరి వరుస దగ్గర ఆగిపోయింది. జయంతికి ఫోను చేసింది.

“ఫైల్లో పదహైదు ఉండాయే పాపా.”

“సైటులో పద్నాలుగే ఉండాయి అత్తా. ఆ పేరేందో చదువు.”

ఆంజినమ్మ వేలు ఆ వరుస మీదే ఉంది. అది మొగుడి పేరు. ఆయన చనిపోయినాక అక్షరాలు నేర్చుకొని, ఆమె మొదట రాసింది ఆ పేరే. రాసిందే గాని, మొగుడి పేరు నోటితో పలకడం ఏనాడూ లేదు.

“చదివేకి రాలేదు పాపా.”

“ఊరందరి పేర్లూ చదివి, దీని కాడ మొరాయించినావా!” జయంతి నవ్వి ఫోను పెట్టేసింది.

పేరు పక్కన రెండు ముక్కలు రాసి ఉన్నాయి. తెల్లగడ్డ వద్దు. నేనే వచ్చి తీసుకుంటా.

ఆయనకు వెల్లుల్లి పడదని ఆమెకొక్కదానికే తెలుసు.

ఆంజినమ్మ చెనిక్కాయలు వేయించి రోట్లో పోసి దంచింది. ఊపిరి తీసుకుందామని రోకలి ఆపితే, వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది. తలుపు ఎవరూ తట్టలేదు. ఆయన ఎప్పుడూ తట్టేవాడు కాదు. పొడి అయ్యేదాకా అరుగు మీద కూర్చునేవాడు.

పొడి ఎప్పుడో మెత్తగా అయిపోయింది. చేతికిస్తే తీసుకొని పోతాడు. ఆంజినమ్మ ఇంకో దోసెడు చెనిక్కాయలు రోట్లో వేసుకొని, నిదానంగా దంచుతూ కూర్చుంది.