రెక్కల పాముల ఆఖరి చట్టం

శనివారం లోపు యలమంద చేయవలసిన పనులు చాలా ఉన్నాయి.

రెక్కల పాములకు పెళ్లి ఆచారం ఒకటి కల్పించాలి. గుడ్డు పగిలి పిల్ల బయటికి రాగానే మొదటి నిప్పు తల్లి ఊదాలో మేనమామ ఊదాలో తేల్చాలి. నల్లకొండ వంశానికీ ఎర్రకొండ వంశానికీ తగాదా తీర్చాలి. తొమ్మిదో తరగతి పుస్తకాలు దిద్దాలి. అమ్మకు ఆయాసం మందు తేవాలి. ఇవన్నీ అయ్యాక రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో హనుమంతరావు ప్రెస్సుకు కథ చేర్చాలి.

హనుమంతరావుది పిల్లల మాసపత్రిక.

"చైనావాళ్ల డ్రాగన్ బొమ్మ అచ్చు బ్లాకు ఒకటి ఊరికే పడి ఉందయ్యా. దానికో సీరియల్ రాయి" అన్నాడు ఒకనాడు.

ఇంటిల్లిపాదిలో మొదటి బి.ఏ. యలమంద. ఏ పనైనా బాధ్యతగా చేస్తాడు. ఏడాది తిరిగేసరికి, అంటే అరవై తొమ్మిది వేసవికి, ఆ పాములకు నాలుగు వంశాలు, ముప్ఫై ఒక్క చట్టాలు తయారయ్యాయి.

ఆ శనివారం ప్రెస్సులో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా పంచె. చేతిలో చుట్టచుట్టిన పత్రిక.

"ఈ పాముల కథ రాసేది ఎవురు?"

"నేనే. ఏం కావాలి పెద్దాయనా?"

"తప్పు రాశావు."

కంపోజిటర్లు తలలెత్తి చూశారు. యలమంద ముఖం ఎర్రబడింది.

"ఏంటి తప్పు?"

"గుంపులో చావు పడితే మూడు రోజులు ఎవరూ ఎగరకూడదన్నావు. సరే. పిల్ల ఆకలి చూడలేక నీలరెక్క ఎగిరింది. పెద్దపాము దాన్ని వెలేసి ఎల్లరాయి అవతలికి తోలింది. అదీ సరే. మళ్లీ ఇవతలికి వచ్చే దారేది?"

"దారి లేదు."

"అదే తప్పు. దారి లేకుండా చట్టం ఎవడన్నా చేస్తాడా?"

"నేను చేశాను. నా పాములు, నా ఇష్టం."

"పెద్దపాము కోపంలో అనేసి ఉంటే? ఆ మాట వెనక్కి తీసుకునేదెట్టా?"

"పెద్ద అన్నాక మాట వెనక్కి తీసుకోడు. అసలు నువ్వేం చదువుకున్నావు?"

"నాకు చదువు రాదు. మా పల్లెలో సాయంత్రం వలలు బాగుచేసుకుంటా నీ కథే చదివించుకుంటన్నారు."

"వింటే విను, లేకపోతే మానెయ్. దిద్దడానికి మాత్రం రాకు."

"యలమందా! ఎండుచేపలు కూడా విమర్శలు మొదలెట్టాయిరోయ్!" అన్నాడు హనుమంతరావు.

ప్రెస్సంతా నవ్వింది. ముసలాయన అందరినీ ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మరుసటి నెల మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే ప్రశ్న.

ఈసారి యలమంద కుర్చీలోంచి లేచాడు.

"నాకు అర్థమైందిలే. నిన్ను మీవాళ్లు వెలేశారు. అవునా? ఏం చేశావ్? దొంగతనమా?"

ముసలాయన చేతిలో పత్రిక నలిగింది.

"నా సంగతి అడక్కు. పాము సంగతి చెప్పు."

"దాని సంగతి వచ్చే నెల చదివించుకో. ముందు బయటికి నడు."

"నడుస్తాలే అబ్బాయ్. ఇంత చదివినోడివి, ఒక్క దారి కల్పించలేకపోయావు."

ఆ మాట యలమందకు ముల్లులా గుచ్చుకుంది. తిరుగు రైల్లోనే ముప్ఫై రెండో చట్టం రాశాడు. వెలిపడ్డ పాము ఎల్లరాయిని తాకితే చావే.

పై నెల సంచికలో నీలరెక్క ఆ రాయిని తాకి చచ్చిపోయింది.

ముసలాయన మళ్లీ రాలేదు.

రెండు నెలల తర్వాత చంకలో పిల్లతో ఒక ఆడమనిషి ప్రెస్సు గుమ్మంలో నిలబడింది.

"పాముల కథ రాసే పంతులుగారు మీరేనా అండి? నా పేరు రత్తాలండి. సింగరయ్య అని, మా పెద్దాయన, మీ దగ్గరికి వచ్చేవాడంట. పోయాడండి. ఇరవై రోజులయింది."

యలమంద కలం కింద పెట్టాడు.

"అయ్యో. శవాన్నయినా ఊళ్లోకి రానిచ్చారా?"

రత్తాలు వింతగా చూసింది.

"ఆయన్నా అండి? ఊరంతా పాడె మోసింది. రానివ్వంది మా ఆయన్ని. కన్నతండ్రి పాడె వెళ్తుంటే కాలవ అవతల నిలబడి చూశాడు."

"మీ ఆయన..."

"సింగరయ్య కొడుకండి. ఊళ్లో చావు మైల ఉండగా పడవ దించాడు. ఇదిగో, దీనికి గంజి లేక. పెద్ద వెలేశాడు."

"ఏ పెద్ద?"

"ఊరికి పెద్ద ఒక్కడేగా అండి. సింగరయ్యే."

హనుమంతరావు నవ్వలేదు.

"మరి ఆయనే పిలవొచ్చుగా?" అన్నాడు యలమంద.

"నలుగురిలో అన్న మాటండి. ఎట్టా పిలుస్తాడు? కథలో దారి పడితే, పాములకున్నది మనకెందుకు లేదని ఊళ్లో ఎవరో ఒకరు అడగకపోతారా అని చూశాడంట. మా అత్త చెప్పింది."

"నేను ఆ పామును చంపేశానమ్మా."

"చంపితే చంపారండి. మీ పాము చచ్చింది. మా ఆయన బతికే ఉన్నాడు. దారి రాయండి."

యలమంద అక్కడే కూర్చుని రాశాడు. ఆ నెల కథ చివర ఇలా అచ్చయింది:

"ముప్ఫై రెండో చట్టం రద్దు. మాట అన్న పెద్ద ఎల్లరాయి దాటి వెళ్లి, వెలిపడ్డవాళ్లను పిలుచుకోవచ్చు. పెద్ద లేకపోతే గుంపులో ఎవరైనా వెళ్లి పిలవవచ్చు.

ఈ చట్టం నేను కల్పించింది కాదు. కొడుకును పిలుచుకునే దారి కోసం రెండుసార్లు తెనాలి వచ్చి, నా చేత గెంటించుకున్న సింగరయ్యది. వలల దగ్గర కూర్చుని ఇది చదివే పిల్లలూ, ఆయన పేరు కూడా పైకి చదవండి. వినేవాళ్లు ఆయన్ని గుర్తుపెట్టుకోండి."