సిగ్గులేనిది

"మీకు కావలసింది పిల్లి కాదు, సోఫా మీద పెట్టుకునే దిండు. పక్క వీధిలో దొరుకుతాయి, వెళ్ళండి," అన్నాడు పటాలు కట్టే షాపాయన.

పిల్లిని చూడ్డానికి వచ్చిన లాయరు మొహం మాడ్చుకుని మెట్లు దిగాడు. ఆయన చేసిన నేరమల్లా, ఇది వెంట్రుకలు రాలుస్తుందా అని అడగడమే.

"ఇలా ఎంతమందిని తరుముతావన్నయ్యా?" చెక్క చట్రానికి మేకు కొడుతూ అన్నాడు తమ్ముడు. "మొన్న హోటలాయన్ని పంపేశావు."

"ఎలుకలు పట్టాలిట. జీతం ఎంతిస్తాడో కనుక్కోవాల్సింది."

"నిన్న టీచరమ్మని..."

"ఆవిడ పిల్లలకి ఆడుకోడానికి కావాలిట. ఆ కోతిమూక చేతిలో పడితే వారం తిరక్కుండా తోక ఊడొస్తుంది. మనుషులకి పిల్లల్ని పెంచడమే చేతకాదు, మళ్ళీ పిల్లుల్ని పెంచుతారట!"

ఈ గొడవంతా బల్ల కింద రంపపు పొట్టులో వెల్లకిలా పడుకున్న బూడిదరంగు పిల్లి గురించి. వానాకాలంలో ఒక సాయంత్రం తడిసి ముద్దై షాపులోకి వచ్చింది. ఆయన చీపురు తీసుకుని తరిమాడు. అది ఆ చీపురునే ఒరుసుకుంటూ మళ్ళీ లోపలికొచ్చింది. "ఛీ, సిగ్గులేనిదానా!" అన్నాడు. అదే దానికి పేరైపోయింది. తిడుతూనే పాలు పోశాడు. తిడుతూనే గోనెసంచి పరిచాడు. షాపుకొచ్చిన ప్రతివాళ్ళ కాళ్ళకీ చుట్టుకోవడమే దాని పని. అలా చుట్టుకుంటూ ఒకరోజు కింద పడి ఉన్న గాజుముక్క మీద కాలేసింది. తిడుతూనే ఆయన పట్టకారుతో పెంకు లాగి కట్టు కట్టాడు. పుండు మానగానే, ఈ దరిద్రాన్ని ఎవరికైనా అంటగట్టమన్నాడు. తమ్ముడు తెలిసినవాళ్ళందరికీ కబురు పెట్టాడు.

గుమ్మంలో నీడ పడింది. ఆసుపత్రి తెల్లచీరలో ఒక నర్సు నిలబడి ఉంది. చేతిలో మూత ఉన్న బుట్ట.

"అన్నయ్యా, పిల్లి కోసం..." అని తమ్ముడు మాట మింగేసి మేకుల డబ్బాలో వెతుక్కోసాగాడు.

షాపాయన తలెత్తి చూశాడు. అద్దం కోయడానికి గీస్తున్న గీత పక్కకు పోయి, పలక ఠప్పున విరిగింది.

"వెలుతురుకి అడ్డంగా నిలబడకండి," అన్నాడు.

ఆమె పక్కకు జరిగింది. అప్పటికే పిల్లి ఆమె పాదాల మీద దొర్లుతోంది. నర్సు కూర్చుని దాని గడ్డం కింద గోకింది.

"అది మీ గొప్పేం కాదు. పిలిచినవాడి వెంటల్లా పోయే రకం. ముందూ వెనకా చూసుకునే బుద్ధి లేదు దానికి."

"పెట్టిన చెయ్యిని మర్చిపోయే రకంలా కూడా లేదండీ."

"ఆ సంగతి వెళ్ళాక తెలుస్తుంది. ఇంట్లో ఎవరెవరు?"

"నేను, ఆయన, అత్తగారు."

"ఆయనగారి ఉద్యోగం?"

"బస్సు నడుపుతారు."

"ఓహో!" అన్నాడు, బస్సునీ డ్రైవర్నీ రోడ్డునీ కలిపి చెత్తబుట్టలో పడేస్తున్నట్టు. "తాగుతాడా?"

"అన్నయ్యా!" అన్నాడు తమ్ముడు.

"నువ్వు మేకులు కొట్టు. తాగొచ్చి తన్నేవాడి కొంపకి నేను పిల్లినివ్వను."

"తాగరు. చెయ్యెత్తరు. అత్తగారే కాస్త సణుగుతారు."

"ఆవిడకి పిల్లి పడదా?"

"కొత్తగా వచ్చినవాళ్ళెవరూ పడరండీ. తర్వాత అలవాటవుతుంది."

"మిమ్మల్ని చూస్తే మీకే సరైన తిండి ఉన్నట్టు లేదు. మెడ ఎముకలు బయటికొచ్చాయి. దీన్నేం మేపుతారు?"

నర్సు కొంగు సర్దుకుంది. "రాత్రి డ్యూటీలండీ, అందుకని. తిండికి లోటు లేదు."

"ఇల్లు కురుస్తుందా?"

"పోయినేడు కురిసింది. బాగు చేయించుకున్నాం."

"బాగు చేయించారట! తారు పూసి ఊరుకుని ఉంటారు."

లాయరైతే ఈపాటికి కేసు పెడతానని లేచేవాడు. నర్సు కదల్లేదు. "ఇంకా ఏమైనా అడగాలా? అడగండి, చెబుతాను," అంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇచ్చెయ్యన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "ఇంతకంటే మంచి చోటు దొరకదు."

"మంచి చోటో చెడ్డ చోటో నాకెందుకు? వదిలించుకుంటే చాలు," అంటూ ఆయనే వంగి పిల్లిని ఎత్తి బుట్టలో పెట్టాడు. మూత వెయ్యబోయి ఆగి, గోనెసంచి దులిపి దాని కింద పరిచాడు. "ఇది లేందే పడుకోదు దిక్కుమాలింది. చల్లటి పాలు ముట్టదు, మహారాణి."

"ఏమని పిలవాలి?"

"సిగ్గులేనిదా అంటే వస్తుంది."

నర్సు పెదవులు కదిలాయి. నవ్విందో లేదో తెలియలేదు.

"ఒకవేళ అక్కడ ఇమడలేకపోతే?"

"వీధిలో మాత్రం వదలకండి. తెచ్చి ఇక్కడే పారెయ్యండి. షాపు రోజూ తెరిచే ఉంటుంది, ఎక్కడికీ పోదు." ఆయన అటు తిరిగి, విరిగిన పలక ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

తమ్ముడి సుత్తి ఆగిపోయింది. ఆమె బుట్ట చంకన పెట్టుకుని గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తాను నాన్నా."