గోడకు కన్నం

రాత్రి దొంగలు మట్టిగోడకు కన్నం వేసి ఉన్ని దుప్పట్లన్నీ పట్టుకుపోయారు. తెల్లారగానే డెక్సియస్ వీధి తలుపుకు బయటనుంచి తాళం వేసి, తాపీమేస్త్రీని పిలుచుకు రావడానికి వెళ్ళాడు.

అతని కొత్త పెళ్ళాం మెలిట్టా ఆ కన్నంలో నడుందాకా దూరింది. సందులోని గాలి ముఖానికి తగిలింది. అంతలో వెనకనుంచి అత్త నికెసో ఆమె కాలు పట్టుకుంది.

"ఎక్కడికే?"

"మా అమ్మకి మాట పడిపోయిందట, అత్తయ్యా. నీళ్ళకెళ్ళిన దాసి విని వచ్చింది. మీ అబ్బాయిని ఎంత బతిమాలినా, ఆడవాళ్ళు పండక్కీ చావుకీ తప్ప గడప దాటకూడదంటున్నారు. వదలండి, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"ఇప్పుడు కాలు పట్టుకున్నది నేనే కదే," అంటూ నికెసో వదిలేసింది. తన పైబట్ట తీసి కన్నంలోంచి అందించింది. "ముసుగు లాక్కుని ముసలిదానిలా వంగి నడువు. ఎవరూ పట్టించుకోరు."

మేస్త్రీతో డెక్సియస్ వచ్చేసరికి తల్లి కన్నానికి అడ్డంగా కూర్చుని ఉన్ని వడుకుతోంది.

"లేమ్మా, పూడ్చాలి. మెలిట్టా ఏది?"

"వాళ్ళమ్మని చూసి రమ్మని పంపించాను. అది వచ్చేదాకా పూడ్చనివ్వను."

"నన్నడక్కుండానా?" అని అరిచాడు డెక్సియస్.

నికెసో వడకడం ఆపలేదు.

"మా అమ్మ మంచాన పడ్డప్పుడు నేను మీ నాన్ననడిగాను నాయనా. అడిగితే, పాడె లేచే రోజున పంపించాడు."

డెక్సియస్ మేస్త్రీ నెత్తిమీది మట్టితట్ట అందుకుని కింద పెట్టాడు.